పది లక్షల సంతకాలకు జవాబుదారీ ఎవరు?

2018 వేసవిలో యూరోపియన్ యూనియన్ (ఈయూ) పాలనా సంస్థ అయిన యూరోపియన్ కమిషన్ జనాన్ని ఒక చిన్న ప్రశ్న అడిగింది. ఏటా మార్చిలో గడియారాన్ని గంట ముందుకు, అక్టోబరులో గంట వెనక్కి తిప్పుకునే పద్ధతిని ఉంచాలా, తీసేయాలా? ఆన్‌లైన్‌లో 46 లక్షల మంది జవాబిచ్చారు. ఈయూ నిర్వహించిన ఏ సంప్రదింపులోనూ అప్పటిదాకా అంతమంది పాల్గొనలేదు. వారిలో 84 శాతం మంది తీసేయమన్నారు. సెప్టెంబరు కల్లా కమిషన్ ముసాయిదా చట్టం తెచ్చింది. 2019 మార్చిలో యూరోపియన్ పార్లమెంటు దానికి ఒప్పుకుని, 2021తో ఈ పద్ధతి ఆగిపోవాలంది. సభ్య దేశాల మంత్రులు కూర్చునే మండలి మాత్రం ఏ నిర్ణయానికీ రాలేదు. ముసాయిదా అక్కడే ఉండిపోయింది, గడియారాలు తిప్పడమూ ఆగలేదు.

విషయం చిన్నదే. కానీ దేశాల పైన ఇంకో ప్రభుత్వం ఉన్నప్పుడు అందులో పౌరుడి చోటేమిటన్న పెద్ద ప్రశ్న మొత్తం ఇందులో కనిపిస్తుంది. ఈయూలో పౌరుడికి తలుపులు తక్కువేమీ లేవు. ఓటుంది, పిటిషన్ హక్కుంది, సంతకాల సేకరణ ఉంది, లాటరీ తీసి మనుషుల్ని ఎంపిక చేసే పౌర ప్యానెళ్లున్నాయి, ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్ వ్యవస్థ ఉంది. ఇన్ని ఉన్నా ఒకటి లోపించింది. జనం అడిగింది ఎందుకు చేయలేదో చెప్పి తీరాల్సిన మనిషి, చెప్పకపోతే పదవి పోగొట్టుకునే మనిషి ఎదురుగా కనిపించడు. జవాబుదారీతనం అన్న మాటలోనే జవాబు ఉంది. ఈయూ ప్రజాస్వామ్యానికి కొరత పడింది ఆ జవాబే.

ఒక దేశంలో ప్రభుత్వం నచ్చకపోతే ఓటర్లకు దారి తెలుసు, తర్వాతి ఎన్నికల్లో దించేస్తారు. ఈయూలో ఆ దారి చాలా వంపులు తిరుగుతుంది. చట్టాన్ని ప్రతిపాదించే హక్కు దాదాపు పూర్తిగా కమిషన్‌దే. దేశానికొకరు చొప్పున 27 మంది కమిషనర్లను ప్రభుత్వాలు పంపుతాయి, పార్లమెంటు ఆమోదిస్తుంది. ప్రతిపాదన చట్టం కావాలంటే నేరుగా ఎన్నికైన పార్లమెంటూ, మంత్రుల మండలీ రెండూ ఒప్పుకోవాలి. మండలిలో చాలా విషయాలకు 55 శాతం దేశాల మద్దతు, ఆ దేశాల్లో మొత్తం జనాభాలో 65 శాతం ఉండడం కావాలి. పన్నులు, విదేశాంగ విధానం లాంటి వాటిలో ఒక్క దేశం కాదన్నా పని ఆగుతుంది. విడివిడిగా చూస్తే ఇందులో అప్రజాస్వామికం అనదగ్గది లేదు. మంత్రులు తమ దేశంలో గెలిచిన ప్రభుత్వాలవాళ్లే, ఎంపీలు జనం ఓటేసి పంపినవాళ్లే. చిక్కంతా మూడింటినీ కలిపి చూసినప్పుడు వస్తుంది. పని ఎక్కడ ఆగిందో, ఎవరి వల్ల ఆగిందో బయటివారికి అంతుపట్టదు. కోపం ఎవరి మీద చూపించాలో తెలియని చోట ఓటు బలం సగానికి సగం పోతుంది.

మొదట్లో ఈ ప్రశ్న ఎవరినీ అంతగా బాధించలేదు. ఈయూకు పునాది పడింది 1951 పారిస్ ఒప్పందంతో. దానితో ఆరు దేశాలు తమ బొగ్గు, ఉక్కు పరిశ్రమలను ఉమ్మడి అజమాయిషీ కిందికి తెచ్చాయి. పని నడిపింది జాఁ మొనే అధ్యక్షతన ఏర్పడ్డ హై అథారిటీ. 1952లో మొదలైన, ఇప్పటి పార్లమెంటుకు తొలి రూపమైన ఉమ్మడి సభలో 78 మంది ఉండేవారు. ఆ సభ్యులు జాతీయ పార్లమెంట్ల నుంచి వచ్చినవారు, అక్కడ చేసేది ప్రధానంగా పర్యవేక్షణే. మళ్లీ యుద్ధం రాకుండా, బతుకులు మెరుగుపడేలా చూస్తే చాలు, ఎలా చేశారని జనం అడగరన్న నమ్మకం అప్పట్లో ఉండేది. జర్మన్ పండితుడు ఫ్రిట్జ్ షార్ఫ్ తర్వాతి కాలంలో ఈ తేడాను స్పష్టంగా విడదీసి చూపారు. ప్రజలు పాల్గొన్నందువల్ల ఒక ప్రభుత్వానికి వచ్చే ఆమోదం ఒకటి, దాని పనుల ఫలితాలు బాగున్నందువల్ల వచ్చే ఆమోదం ఇంకొకటి. ఈయూ చాలా కాలం రెండో దాని మీదే బతికింది. రోజులు బాగున్నంత కాలం అది సరిపోయింది. ఫలితం చెడినప్పుడు మాత్రం ‘మా మీద నిర్ణయాలు చేసే హక్కు మీకెవరిచ్చారు’ అన్న ప్రశ్నకు చెప్పుకోవడానికి ఏమీ మిగలదు.

1979 జూన్‌లో తొమ్మిది దేశాల్లో యూరోపియన్ పార్లమెంటుకు తొలిసారి నేరుగా ఎన్నికలు జరిగాయి. 410 సీట్లు, 62 శాతం పోలింగ్. నాజీల ఆష్‌విట్జ్ మృత్యు శిబిరం నుంచి బతికి బయటపడ్డ సిమోన్ వేయ్ ఆ పార్లమెంటుకు తొలి అధ్యక్షురాలయ్యారు. యుద్ధంలో నలిగిన ఖండానికి అంతకంటే పెద్ద గుర్తు ఏం కావాలి? ‘ప్రజాస్వామ్య లోటు’ అన్న మాట వాడుకలోకి వచ్చిందీ ఆ సంవత్సరమే. బ్రిటిష్ రాజకీయవేత్త, పండితుడు డేవిడ్ మార్క్వాండ్ దాన్ని వాడారు. ఆ తర్వాత జరిగింది ఎవరూ ఊహించనిది. ఈయూకు మూలమైన, దేశాల మధ్య ఒప్పందం మారిన ప్రతిసారీ పార్లమెంటు అధికారం పెరిగింది. ఈయూను ఏర్పరచిన మాస్ట్రిక్ట్ ఒప్పందం దాన్ని కొన్ని రంగాల్లో మండలికి సాటి శాసనకర్తను చేస్తే, 2009లో అమల్లోకి వచ్చిన లిస్బన్ ఒప్పందం దాదాపు అన్ని రంగాల్లోనూ చేసింది. పోలింగ్ మాత్రం ఎన్నిక ఎన్నికకూ పడిపోయింది. 1999లో సగం కిందికి దిగింది, 2014లో 42.6 శాతానికి చేరింది. ఆ ఏడాది స్లొవేకియాలో ఓటేసినవారు 13 శాతమే. తర్వాత 2019లోనూ 2024లోనూ దాదాపు 51 శాతానికి లేచింది.

కొత్తగా చేరిన దేశాల్లో ఓటింగ్ తక్కువగా ఉండడం ఈ పతనానికి కొంత కారణం. అయితే అదొక్కటే కాదు. ఈ ఎన్నికల్లో పోటీచేసేవి ఆయా దేశాల పార్టీలే, ప్రచారంలో నలిగేవి ఆ దేశం గొడవలే. ఓటరు తన ప్రధానమంత్రి మీద కోపాన్నో మెప్పునో ఈ ఓటుతో చూపిస్తాడు. చట్టాలు చేసేవారిని ఎన్నుకుంటున్నామన్న స్పృహ వచ్చే వీలే తక్కువ.

దీన్ని సరిచేయడానికి 2014లో ఒక ప్రయోగం చేశారు. పెద్ద పార్టీ కూటములు కమిషన్ అధ్యక్ష పదవికి తమ అభ్యర్థులను ఎన్నికల ముందే ప్రకటించాయి. ఎక్కువ సీట్లు వచ్చిన కూటమి నుంచి జాఁ క్లోద్ యుంకర్ అధ్యక్షుడయ్యారు. ఓటుకూ పదవికీ మధ్య తొలిసారి ఒక ముడి పడింది. 2019లో ఆ ముడి విడిపోయింది. అదే కూటమి అభ్యర్థి మాన్‌ఫ్రెడ్ వెబర్‌ను దేశాధినేతలు పక్కనపెట్టి, ఆ ఎన్నికల్లో అభ్యర్థే కాని జర్మనీ రక్షణ మంత్రి ఉర్సులా ఫాన్ డెర్ లేయెన్‌ను ఎంచుకున్నారు. 374 ఓట్లు కావాల్సిన చోట పార్లమెంటులో ఆమెకు 383 వచ్చాయి. ఒప్పందం ప్రకారం ఇందులో తప్పు లేదు. పేరు ప్రతిపాదించే హక్కు దేశాధినేతలదే, ఎన్నికల ఫలితాన్ని వాళ్లు దృష్టిలో ఉంచుకుంటే చాలు. కానీ టీవీ చర్చల్లో అభ్యర్థులను చూసి, పోల్చుకుని ఓటేసినవారికి అది అన్యాయమే. 2024లో ఆమె తన కూటమి అభ్యర్థిగా ముందే జనం ముందుకు వచ్చి, 401 ఓట్లతో రెండోసారి ఎన్నికయ్యారు.

వద్దన్న ఓటు ఏమైంది?

ఈయూ మీద జనం నమ్మకం సడలడానికి కమిషన్ అధ్యక్షుల ఎంపిక కంటే రెఫరెండాలే, అంటే ఒక ప్రశ్న మీద జనాన్ని నేరుగా అడిగే ఓటింగులే, పెద్ద కారణం. వీటిని ఒక్కొక్కటిగా చూడాలి. ‘కాదంటే అవునన్నదాకా మళ్లీ ఓటేయిస్తారు’ అన్న మాట బాగా ప్రచారంలో ఉంది. అది సగమే నిజం.

1992 జూన్ 2న డెన్మార్క్ ఓటర్లు మాస్ట్రిక్ట్ ఒప్పందాన్ని 50.7 శాతంతో తిరస్కరించారు. ఆ డిసెంబరులో ఎడిన్‌బరోలో డెన్మార్క్‌కు నాలుగు మినహాయింపులు ఇచ్చారు. ఉమ్మడి కరెన్సీలో చేరనక్కర్లేదన్నది వాటిలో ఒకటి. 1993 మేలో రెండోసారి ఓటేసినప్పుడు 56.7 శాతం ఒప్పుకున్నారు. అంటే ప్రజలు రెండోసారి ఓటేసింది అదే కాగితానికి కాదు, మారిన కాగితానికి. రక్షణ రంగంలో మినహాయింపును వద్దనుకోవడానికి కూడా 2022 జూన్‌లో మళ్లీ జనాన్నే అడిగారు. ఐర్లండ్ 2008లో లిస్బన్ ఒప్పందాన్ని కాదంది. ఆ ఒప్పందం కమిషనర్ల సంఖ్యను తగ్గించాలంది. దానివల్ల కొన్నేళ్ల పాటు తమ దేశం మనిషి ఉండకపోవచ్చన్నది అక్కడి ఆందోళనల్లో ఒకటి. ప్రతి దేశానికీ ఒక కమిషనర్ ఉంటారన్న హామీ ఇచ్చాక, 2009 అక్టోబరులో 67 శాతం అవునన్నారు. ఆ హామీ ఇప్పటికీ నిలబడింది. ఈ రెండు చోట్లా కాదన్న ఓటు పనిచేసింది.

ఫ్రాన్స్, నెదర్లాండ్స్ కథ వేరు. 2005 మే 29న ఫ్రాన్స్‌లో 54.7 శాతం, మూడు రోజులకు నెదర్లాండ్స్‌లో 61.5 శాతం మంది యూరప్ రాజ్యాంగ ఒప్పందాన్ని తిరస్కరించారు. ఆ పత్రాన్ని పక్కనపెట్టారు, రాజ్యాంగం అన్న పేరునూ ఈయూ జెండా, గీతాల ప్రస్తావననూ తీసేశారు. సారంలో ఎక్కువ భాగాన్ని లిస్బన్ ఒప్పందంలోకి తెచ్చారు. దాన్ని ఈ రెండు దేశాలూ జనాన్ని అడగకుండా పార్లమెంట్లలోనే ఆమోదించాయి. ఫ్రాన్స్‌లో అలా చేస్తానని నికొలా సర్కోజీ 2007 అధ్యక్ష ఎన్నికల ప్రచారంలోనే చెప్పి గెలిచారు కాబట్టి చట్టపరంగా వంక పెట్టలేం. అయినా ఒకసారి నేరుగా అడిగి తెలుసుకున్న మాటను, మళ్లీ నేరుగా అడగకుండా మార్చడం వల్ల కలిగిన గాయం ఏళ్ల తరబడి మానలేదు. అడగకపోవడం కంటే, అడిగి పక్కన పెట్టడం ఎక్కువ నష్టం చేస్తుంది.

2015 నాటి గ్రీస్ అన్నిటికంటే కష్టమైన ఉదాహరణ. జులై 5న గ్రీకు ఓటర్లలో 61.3 శాతం, అప్పుల్లో మునిగిన తమ దేశానికి సహాయం చేయడానికి రుణదాతలు పెట్టిన షరతులను వద్దన్నారు. సరిగ్గా ఎనిమిది రోజులకు, రాత్రంతా సాగిన చర్చల తర్వాత, ఆ ప్రభుత్వమే దాదాపు అంతే కఠినమైన షరతులకు ఒప్పుకుంది. ఇది ప్రజాస్వామ్యం మీద దెబ్బేనని చాలామంది భావించారు, అందులో న్యాయముంది. ఈ బేరంలో చాలా భాగం నడిచిన యూరో గ్రూపు, ఈయూ ఒప్పందం దృష్టిలో ఆర్థిక మంత్రుల అనధికారిక భేటీ మాత్రమే. అంత పెద్ద నిర్ణయాలు చేసే చోటును నిలదీయడానికి ఏ ఒక్క పార్లమెంటుకూ పూర్తి అధికారం లేదు. మరోవైపు, యూరో వాడే మిగతా 18 దేశాలకూ ఓటర్లున్నారు. 2011లో అప్పుల్లో ఉన్న యూరో దేశాలను ఆదుకునే సహాయ నిధి మీద జరిగిన ఓటింగ్‌లోనే స్లొవేకియాలో ప్రధాని ఇవెతా రదిచోవా ప్రభుత్వం పడిపోయింది. జర్మనీ పార్లమెంటు ప్రతి ప్యాకేజీకీ ఓటేయాల్సి వచ్చింది. ఒక దేశం ప్రజల తీర్పు ఇంకో దేశం ప్రజల తీర్పుతో ఢీకొంటే ఎవరిది చెల్లాలి? ఒక దేశం లోపల మెజారిటీ అన్నది ఈ చిక్కును విప్పుతుంది. దేశాల మధ్య అలాంటి అందరూ ఒప్పుకున్న లెక్క లేదు. అందుకే గ్రీకు ఓటు అప్పిచ్చినవాళ్ల గదిలో ఓడిపోయింది.

జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 2009 లిస్బన్ తీర్పులో ఈ చిక్కు మూలం దగ్గరికే వెళ్లింది. యూరోపియన్ పార్లమెంటు ఒక్క సార్వభౌమ ప్రజకు ప్రతినిధి కాదంది, ఓట్ల విలువ సమానంగా లేకపోవడాన్ని ఎత్తిచూపింది. 8 కోట్లకు పైగా జనాభా ఉన్న జర్మనీకి 96 సీట్లు, 6 లక్షల లోపు జనం ఉన్న మాల్టాకు 6. మాల్టా ఓటు బరువు జర్మనీ ఓటు కంటే దాదాపు పది రెట్లు. చిన్న దేశాలు మునిగిపోకుండా ఉండాలంటే ఈ తేడా తప్పదు, దాన్ని లోపంగా చూడనక్కర్లేదు. ‘ఒకే ప్రజ’ ముందు పుట్టాలి, ప్రజాస్వామ్యం తర్వాత రావాలి అన్న వాదన కూడా అంత గట్టిది కాదు. కలిసి వాదించుకునే చోటు ఉంటేనే జనం మెల్లగా ఒక ప్రజ అవుతారు. ఐర్లండ్‌కు చెందిన రాజనీతి శాస్త్రవేత్త పీటర్ మేర్ హెచ్చరించింది దీని గురించే. ఒక విధానాన్ని లోపలే ఉండి ఎదిరించే వీలు లేకపోతే, వ్యతిరేకత మొత్తం వ్యవస్థ మీదికే మళ్లుతుంది. 2016 జూన్‌లో బ్రిటన్ ఓటర్లు 51.9 శాతంతో బయటికి నడిచారు. దానికి కారణాలు చాలా ఉన్నా, ఈ హెచ్చరికను మరచిపోయి ఆ ఓటును అర్థం చేసుకోలేం.

సంతకాలు, లాటరీలు

లిస్బన్ ఒప్పందం తెచ్చిన వాటిలో అందరి ఆశలూ రేపింది ‘యూరోపియన్ పౌరుల చొరవ’. కనీసం ఏడు దేశాల నుంచి, ఏడాదిలోపు 10 లక్షల సంతకాలు సేకరిస్తే, ఫలానా చట్టం తెమ్మని కమిషన్‌ను అడగవచ్చు. 2012 ఏప్రిల్‌లో ఇది మొదలైంది. వందకు పైగా విజ్ఞప్తులు నమోదయ్యాయి గానీ గీత దాటినవి చాలా కొద్ది. తొలిగా దాటింది నీటి హక్కు ఉద్యమం. ప్రభుత్వ సేవల కార్మిక సంఘాలు ముందుండి నడిపిన ఈ ఉద్యమానికి 16 లక్షలకు పైగా చెల్లే సంతకాలు వచ్చాయి. వాటిలో 12 లక్షలకు పైగా ఒక్క జర్మనీవే. సంతకాల సేకరణ సాగుతుండగానే, 2013 జూన్‌లో ప్రభుత్వ సేవలను కాంట్రాక్టు మీద ప్రైవేటు సంస్థలకు అప్పగించే ముసాయిదా చట్టం నుంచి కమిషన్ నీటిని తప్పించింది. 2020 చివర్లో తాగునీటి చట్టాన్ని తిరగరాసినప్పుడు బలహీన వర్గాలకు నీరు అందేలా చూడాలన్న బాధ్యతను చేర్చారు. నీటిని మానవ హక్కుగా చట్టంలో రాయాలన్న అసలు కోరిక మాత్రం అలాగే ఉండిపోయింది. అయినా ఇది విజయమే. జనం కదిలితే ఈయూ సంస్థలు కొలువైన బ్రస్సెల్స్ కదులుతుందని చూపింది.

తర్వాతివాటికి అంత అదృష్టం లేదు. అమెరికాతో వాణిజ్య చర్చలు ఆపాలన్న విజ్ఞప్తిని 2014లో కమిషన్ నమోదు చేయడానికే ఒప్పుకోలేదు. అది తప్పని ఈయూ జనరల్ కోర్టు 2017 మేలో తీర్పు చెప్పేసరికి ఆ చర్చలే ఆగిపోయి ఉన్నాయి. పశువులను, కోళ్లను పంజరాల్లో పెంచే పద్ధతికి ముగింపు పలకాలంటూ దాదాపు 14 లక్షల మంది సంతకాలు పెట్టారు. 2023 చివరికల్లా ముసాయిదా తెస్తామని 2021 జూన్‌లో కమిషన్ మాట ఇచ్చింది. 2023 గడిచిపోయింది, ముసాయిదా రాలేదు. ఆరు నెలల్లో సమాధానం ఇవ్వాలని నియమం ఉంది, కారణం చెప్పాలని ఉంది. ఇచ్చిన మాట తప్పితే ఏం కావాలో ఎక్కడా లేదు. ఏడాది పాటు వీధుల్లో నిలబడి సంతకాలు కూడగట్టినవారికి ఇది ఎంత నిరుత్సాహమో వేరే చెప్పాలా?

సంతకాల పద్ధతికి ఇంకో బలహీనత ఉంది. సంఘాలు, డబ్బు, సమయం ఉన్నవారి గొంతే గట్టిగా వినపడుతుంది. గడియారాల సంప్రదింపులో 46 లక్షల జవాబుల్లో 30 లక్షలకు పైగా జర్మనీ నుంచే వచ్చాయి. లాటరీతో ఎంపిక చేసే ప్యానెళ్లు దీనికి విరుగుడుగా వచ్చాయి. 2021 మే నుంచి 2022 మే దాకా జరిగిన ‘యూరప్ భవిష్యత్తు’ సదస్సులో ఇలా ఎంపికైన 800 మంది, 200 మంది చొప్పున నాలుగు ప్యానెళ్లుగా కూర్చున్నారు. వారిలో మూడోవంతు 16 నుంచి 25 ఏళ్లవారు. 24 భాషల్లో అనువాదం సాగింది. రాజకీయంతో ఎప్పుడూ సంబంధం లేని మనుషులు, ఒకరి భాష ఒకరికి రాకుండానే, మాస్ట్రిక్ట్‌లోనూ వార్సాలోనూ కూర్చుని వలసల మీద, వాతావరణం మీద సిఫార్సులు రాశారు. ఉమ్మడి ప్రజ లేదనేవారు ఒక్కసారి ఆ గదుల్లోకి చూడాల్సింది.

సదస్సు 49 ప్రతిపాదనలతో ముగిసింది. ఏకాభిప్రాయ నియమాన్ని చాలా విషయాల్లో ఎత్తేయాలని, చట్టం ప్రతిపాదించే హక్కు పార్లమెంటుకూ ఇవ్వాలని అందులో ఉంది. వీటికి ఒప్పందాన్నే మార్చాలి. సదస్సు ముగిసిన రోజే 13 దేశాల ప్రభుత్వాలు తొందరపడి ఒప్పందం మార్చడం తమకు ఇష్టం లేదని లిఖితపూర్వకంగా చెప్పాయి. 2023 నవంబరులో పార్లమెంటు 291–274 ఓట్లతో మార్పులు కోరినా, విషయం ప్రభుత్వాల దగ్గరే ఆగింది. ఒప్పందంతో పని లేని చిన్న విషయాల్లో కాస్త మెరుగు. ఆహార వృథాపై 150 మంది పౌరుల ప్యానెల్ సిఫార్సులు ఇచ్చిన కొద్ది నెలలకే, 2023 జులైలో, కమిషన్ తగ్గింపు లక్ష్యాలతో ముసాయిదా తెచ్చింది.

ఈయూ బయట ఈ పాటి తలుపులు కూడా అరుదు. ఉదాహరణకు అరూషాలో ఉన్న తూర్పు ఆఫ్రికా శాసనసభకు ఒక్కో దేశం తొమ్మిది మందిని పంపుతుంది. వాళ్లను ఎన్నుకునేది ఆయా దేశాల పార్లమెంట్లే, జనం కాదు. అలాంటి చోట్ల 1979కి ముందు యూరప్ ఎదుర్కొన్న ప్రశ్నలే ఇప్పుడు ఎదురవుతున్నాయి.

మరి ఈయూలో ముందు మారాల్సిందేమిటి? ఇంకో ప్యానెల్, ఇంకో పోర్టల్ వల్ల ఒరిగేది తక్కువ. పార్లమెంటుకు చట్టం ప్రతిపాదించే హక్కు వస్తే, 10 లక్షల సంతకాల విజ్ఞప్తిని సభలో ఓటింగ్‌కు పెట్టవచ్చు. ఎవరు అవునన్నారో, ఎవరు కాదన్నారో అందరికీ తెలుస్తుంది. దానికి ఒప్పందం మారాలి కాబట్టి ఏళ్లు పడుతుంది. ఒప్పందం మార్చకుండానే చేయగలిగింది తలుపులు తెరవడం. చాలా చట్టాలు తుది రూపం పొందేది కమిషన్, పార్లమెంటు, మండలి ప్రతినిధులు కలిసే ట్రైలాగ్ అనే మూసిన గదుల్లో. ఆ చర్చల పత్రాలను అడిగితే సాధారణంగా ఇవ్వనక్కర్లేదన్న వాదనను 2018 మార్చిలో జనరల్ కోర్టు కొట్టేసింది. అయినా అడిగితే గానీ దొరకవు, దొరికేసరికి బేరం ముగిసిపోతుంది.

మండలి సంగతి ఇంకా ముఖ్యం. మంత్రులు బ్రస్సెల్స్‌లో ఒక మాట అని, ఇంటికొచ్చి ‘బ్రస్సెల్స్ ఒప్పుకోలేదు’ అనడం సులువుగా సాగిపోతోంది. తుది ఓటింగ్ వివరాలు బయటికొస్తాయి గానీ, ఓటింగ్ దాకా రానివ్వకుండా ఆపినవారి పేర్లు రావు. ఒక ముసాయిదా రెండేళ్లకు మించి నిలిచిపోతే, ఏ ప్రభుత్వం ఏ అభ్యంతరంతో ఆపుతోందో ప్రకటించాలన్న చిన్న నియమం చాలు. అప్పుడు ఆ దేశం ఓటర్లు తమ ఎన్నికల్లోనే, తమ భాషలోనే, తమ మంత్రినే అడగగలరు. గడియారాల ముసాయిదా మండలిలో ఓటింగ్‌కే రాలేదు. అందువల్ల దాన్ని ఎవరు వద్దన్నారో చెప్పే లెక్క ఆ 46 లక్షల మందికి చూపించడానికి లేదు.